నక్షత్ర కాంతి ధ్రువణాన్ని కొలవడం: శ్రీకాకుళం, విజయనగరం పరిశీలకులకు ఒక మార్గదర్శిని

వేసవి రాత్రి శ్రీకాకుళం నుండి దక్షిణంగా చూస్తే వృశ్చిక రాశిలో ఎర్రని జ్యేష్ఠ కనిపిస్తుంది. దానికి వాయవ్యంగా సుమారు మూడు డిగ్రీల దూరంలో ఒమిక్రాన్ స్కార్పియై అనే నక్షత్రం ఉంది. దాని ప్రకాశ పరిమాణం (ఈ సంఖ్య పెరిగేకొద్దీ నక్షత్రం మసక) సుమారు 4.6 కనుక వీధి దీపాలు లేని చోట అది మామూలు కంటికే ఆనుతుంది. ఆ నక్షత్రం నుండి మనకు చేరే కాంతిలో 4 శాతానికి కొద్దిగా మించిన భాగం ఒకే దిశలో కంపిస్తుంటుంది. దీనినే రేఖీయ ధ్రువణం అంటారు. నక్షత్రం నుండి బయలుదేరినప్పుడు ఆ కాంతికి ఇలాంటి దిశాభేదం లేదు. దారిలో ఉన్న ధూళి మేఘాలను దాటి వచ్చేటప్పుడు అది ఏర్పడింది. ఈ భేదాన్ని కొలవడం, కొలిచిన దాని నుండి తారాగుచ్ఛాల గురించీ, వాటికీ మనకూ నడుమ ఉన్న ధూళి గురించీ ఏమి తెలుసుకోవచ్చో నిర్ణయించడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. డిగ్రీ భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థులనూ, చిన్న దుర్భిణి ఉన్న ఉపాధ్యాయులనూ దృష్టిలో ఉంచుకొని దీనిని రాశాను.

అంతరిక్షంలో కాంతిని మింగే ధూళి ఉందని గట్టిగా రుజువైనది తారాగుచ్ఛాల ద్వారానే. 1930లో లిక్ వేధశాలలో పనిచేసిన రాబర్ట్ ట్రంప్లర్ అనేక గుచ్ఛాల దూరాలను వాటి కోణీయ వ్యాసాన్ని బట్టి ఒకసారి, నక్షత్రాల ప్రకాశాన్ని బట్టి మరొకసారి లెక్కించి, దూరపు గుచ్ఛాలు ఉండవలసిన దానికంటే మసకగా ఉన్నాయని చూపాడు. ధ్రువణం సంగతి తరువాత, అదీ అనుకోకుండా బయటపడింది. వేడి నక్షత్రాల అంచు వద్ద ఎలక్ట్రాన్ల పరిక్షేపణం వల్ల కాంతి ధ్రువణం చెందుతుందని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1946లో సిద్ధాంతరీత్యా చెప్పాడు. దానిని గ్రహణ జంటతారలలో వెతకబోయిన హిల్ట్‌నర్, జాన్ హాల్ అనే ఇద్దరు పరిశీలకులకు గ్రహణంతో నిమిత్తం లేని స్థిరమైన ధ్రువణం కనిపించింది. అది నక్షత్రానిది కాదనీ, దారిలోని ధూళిదనీ 1949లో ఇద్దరూ వేరువేరుగా ప్రకటించారు.

ధూళి రేణువులు మైక్రాన్‌లో కొన్ని పదోవంతుల పరిమాణంలో ఉండే సిలికేట్, కార్బన్ కణాలు. అవి గుండ్రంగా ఉండవు. పొడుగాటి రేణువు తన పొట్టి అక్షం చుట్టూ బొంగరంలా తిరుగుతూ, ఆ అక్షాన్ని అక్కడి అయస్కాంత క్షేత్ర దిశకు క్రమంగా సర్దుకుంటుంది. నక్షత్ర కాంతి రేణువులపై పడి కలిగించే బలభ్రమణమే ఈ సర్దుబాటుకు ప్రధాన కారణమని నేటి సిద్ధాంతం. రేణువు పొడుగు దిశలో కంపించే కాంతి ఎక్కువగా, పొట్టి దిశలో కంపించేది తక్కువగా ఆగిపోతుంది కనుక, మనకు చేరే కాంతి ధ్రువణ దిశ ఆకాశ తలంపై అయస్కాంత క్షేత్ర దిశకు సమాంతరంగా ఉంటుంది. ఒక్క నక్షత్రాన్ని కొలిస్తే ఒక్క గీత దొరుకుతుంది. వంద నక్షత్రాలను కొలిస్తే క్షేత్రపు పటమే తయారవుతుంది. అదే ధూళి సబ్‌మిల్లీమీటర్ తరంగాలలో తానే వెలువరించే కాంతిలో మాత్రం ధ్రువణ దిశ క్షేత్రానికి లంబంగా ఉంటుంది. ప్లాంక్ ఉపగ్రహ పటాలతో మీ కొలతలను పోల్చేటప్పుడు ఈ 90 డిగ్రీల తేడాను గుర్తుంచుకోవాలి.

ఇందులో తారాగుచ్ఛానికి ఉన్న విలువను ఒక్క మాటలో చెప్పవచ్చు. గుచ్ఛంలోని నక్షత్రాలన్నీ దాదాపు ఒకే దూరంలో ఉంటాయి. అందువల్ల వాటి కాంతిలో అన్నిటికీ సమానంగా ఉన్న ధ్రువణం మనకూ గుచ్ఛానికీ నడుమ ఉన్న ధూళిది. నక్షత్రానికీ నక్షత్రానికీ ఉన్న తేడా గుచ్ఛం లోపలి ధూళిది, లేదా ఆ నక్షత్రానికే చెందినది. ఈ పనిలో మొదటి నుండి చివరి వరకు జరిగేది ఈ రెండు భాగాలను విడదీయడమే. పరికరాల ఎంపిక, ఫొటోలు తీసే క్రమం, లెక్క కట్టే పద్ధతి అన్నీ దానిని బట్టే నిర్ణయమవుతాయి.

దుర్భిణి లేకుండా చేయగలిగిన పని

చాలామంది ముందుగా ఫిల్టరు కొని ఆకాశం వైపు తిప్పుతారు. దానికి ముందు కొన్ని రోజులు కంప్యూటర్ ముందు కూర్చోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఫలితం ఎలా ఉండాలో తెలియని వారికి తప్పుడు ఫలితాన్ని గుర్తుపట్టడం సాధ్యం కాదు. కార్ల్ హైల్స్ 2000లో ప్రచురించిన పట్టికలో 9,286 నక్షత్రాల ధ్రువణ శాతం, ధ్రువణ కోణం, దోషాల అంచనా ఉన్నాయి. అది విజియర్ అనే ఉచిత దత్తాంశ నిలయంలో దొరుకుతుంది. టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ పట్టికను తెరిచి, గైయా ఉపగ్రహం 2022లో విడుదల చేసిన మూడవ దత్తాంశంతో స్థానాన్ని బట్టి జతపరచాలి. గైయా ఇచ్చే లంబన కోణం, అంటే భూమి సూర్యుని చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం జరిగినట్లు కనిపించే కోణం, మిల్లీ ఆర్క్‌సెకన్లలో ఉంటుంది. 1000ని దానితో భాగిస్తే దూరం పార్సెక్‌లలో వస్తుంది, ఒక్కో పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలకు సమానం. దూరపు నక్షత్రాలకు లంబన కోణం చాలా చిన్నది కనుక, దాని దోషం అందులో ఐదోవంతుకు మించిన వాటిని ఈ దశలో వదిలివేయడమే మేలు.

ఇప్పుడు ఒక దిశను ఎంచుకొని, అడ్డంగా దూరం, నిలువుగా ధ్రువణ శాతం పెట్టి పటం గీయాలి. ధూళి మేఘం ఎంత దూరంలో ఉందో అక్కడ ధ్రువణం ఒక్కసారిగా పైకి లేస్తుంది. రో ఓఫియుకి మేఘం ఉన్న దిశలో గీస్తే ఈ మెట్టు స్పష్టంగా కనిపించాలి. ఆ మేఘం సుమారు 460 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. తరువాత పెర్సియస్ జంట గుచ్ఛం దిశనూ, హంస రాశి దిశనూ పక్కపక్కన గీసి ధ్రువణ కోణాలను పోల్చాలి. పెర్సియస్ వైపు గీతలు పాలపుంత తలానికి దాదాపు సమాంతరంగా బారులు తీరి ఉంటాయి. హంస రాశిలో, గెలాక్టిక్ రేఖాంశం 80 డిగ్రీల ప్రాంతంలో, అవి చెదిరిపోయి ఉంటాయి, ఎందుకంటే అక్కడ మనం అయస్కాంత క్షేత్రం పొడవునా చూస్తున్నాము. అడ్డంగా ఉన్న క్షేత్రం మాత్రమే ధ్రువణాన్ని చూపగలదు. ధ్రువణం తక్కువగా ఉందంటే ధూళి తక్కువని వెంటనే అర్థం చేసుకోకూడదనే జాగ్రత్త ఇక్కడే అలవడుతుంది.

పరికరాలు

ఒమిక్రాన్ స్కార్పియై ధ్రువణం 4 శాతం అంటే, దాని ముందు ధ్రువణకారిని తిప్పినప్పుడు అత్యధిక, అత్యల్ప ప్రకాశాల మధ్య తేడా సుమారు 8 శాతం, ప్రకాశ పరిమాణంలో 0.09. కంటికి ఇది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. కాబట్టి 80 మిల్లీమీటర్ల వ్యాసం గల కటక దుర్భిణి, నక్షత్రాన్ని అనుసరించే ఈక్వటోరియల్ మౌంట్, రా ఫైళ్లను ఇచ్చే డీఎస్ఎల్ఆర్ లేదా నలుపు తెలుపు సీమాస్ కెమెరా ఉంటే ఆరంభించవచ్చు.

న్యూటన్ తరహా అద్దపు దుర్భిణిని ఈ పనికి నేను సిఫారసు చేయను. అందులో 45 డిగ్రీల వాలులో ఉండే చిన్న అద్దం తానే కాంతిని ధ్రువణం చేస్తుంది. అల్యూమినియం పూత మీద ఆ వాలులో లెక్క కడితే ఇది సుమారు 3 శాతం, అంటే మనం వెతుకుతున్న సంకేతమంత. దానిని కొలిచి తీసివేయడం సాధ్యమే అయినా, ఆరంభంలోనే అంత పెద్ద సంఖ్యను మోయనక్కరలేదు. ఇదే కారణం చేత కటక దుర్భిణికి కూడా కంటి వైపు తగిలించే డయాగోనల్ అద్దాన్ని తీసివేసి, కెమెరాను నేరుగా బిగించాలి.

ధ్రువణకారి విషయంలో రెండు సంగతులు తెలియాలి. ఫొటోగ్రఫీ దుకాణాలలో ఎక్కువగా దొరికే వృత్తీయ ధ్రువణ ఫిల్టరులో ముందు రేఖీయ ధ్రువణకారి, దాని వెనుక పావు తరంగ ఫలకం ఉంటాయి; ఆకాశం వైపు ఉండవలసిన ముఖం ఆకాశం వైపే ఉంటేనే అది పనిచేస్తుంది. తిరగేసి పెడితే కొలిచేది వేరే అవుతుంది. చంద్రుని చూడడానికి అమ్మే 1.25 అంగుళాల వేరియబుల్ ఫిల్టరులో రెండు రేఖీయ ధ్రువణకారులు ఒకదానిపై ఒకటి ఉంటాయి. మరలు విప్పి ఒక్కదానిని మాత్రమే వాడితే చవకలో పని జరిగిపోతుంది. ఏది వాడినా దాని అంచుకు 45 డిగ్రీలకొకటి చొప్పున ఎనిమిది గుర్తులున్న వలయాన్ని అంటించి, దుర్భిణి గొట్టం మీద ఒక స్థిరమైన గుర్తు పెట్టాలి. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర నుండి వచ్చే కాంతి ధ్రువణం చెందినదే కనుక, ఫిల్టరును దాని ముందు తిప్పి తెర పూర్తిగా నల్లబడే చోటును గుర్తుపెడితే ఫిల్టరు అక్షం ఎటు ఉందో పగలే తెలిసిపోతుంది.

ఖర్చుకు వెనుకాడని కళాశాల ఉంటే, సోనీ తయారుచేసే ధ్రువణ సెన్సారు ఉన్న కెమెరాను తీసుకోవచ్చు. అందులో పక్కపక్క పిక్సెళ్ల మీద 0, 45, 90, 135 డిగ్రీల సూక్ష్మ ధ్రువణకారులు ఉంటాయి కనుక నాలుగు కొలతలూ ఒకే క్షణంలో వస్తాయి. నక్షత్రపు బింబం అనేక పిక్సెళ్ల మీద పరచుకునేలా ఫోకస్ కొంచెం చెదరగొట్టకపోతే మాత్రం ఆ కెమెరా అబద్ధం చెబుతుంది. వృత్తి పరిశీలకులు ఈ సమస్యను వొల్లాస్టన్ పట్టకంతో పరిష్కరిస్తారు: ప్రతి నక్షత్రమూ రెండు బింబాలుగా విడిపోతుంది, ఆకాశంలో ఏ మార్పు వచ్చినా రెండింటికీ ఒకేసారి వస్తుంది, భాగాహారంలో కొట్టుకుపోతుంది.

ఎక్కడ, ఎప్పుడు

ఈ తీరానికి ఖగోళ పరిశీలన కొత్త కాదు. 19వ శతాబ్దంలో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాలను ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు కొనసాగించాడు. నేడు ఆ నగరపు వెలుగే మనకు ప్రధానమైన ఆటంకం. శ్రీకాకుళం నుండి అది నైరుతి దిక్కున ఉంటుంది. వృశ్చిక రాశిని చూడడానికి కళింగపట్నం వంటి తీర ప్రాంతం మంచిది, ఎందుకంటే దక్షిణాన సముద్రం తప్ప దీపాలుండవు. అయితే ఉప్పు తేమ కటకం మీద పొరలా చేరుతుంది; ఆ పొర పరిక్షేపించే కాంతి కొలతను పాడుచేస్తుంది కనుక ప్రతి రాత్రి ముగిశాక కటకాన్ని శుభ్రం చేయాలి. ఉత్తరాన ఉండే పెర్సియస్‌ను చూడడానికి లోపలి ప్రాంతాలు మేలు: బొబ్బిలి, గజపతినగరం వైపు పొలాలలో నిలబడితే విశాఖ వెలుగు వీపు వెనుక ఉంటుంది.

జూన్ నుండి సెప్టెంబరు దాకా రుతుపవనాలు, అక్టోబరు, నవంబరులలో తుపాన్లు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఈ తీరాన్ని తాకింది అక్టోబరులోనే. కాబట్టి పని చేయదగిన కాలం డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు. డిసెంబరు, జనవరిలలో నాగావళి, వంశధార ఒడ్డున తెల్లవారుజామున దట్టంగా మంచు పడుతుంది. కటకం చుట్టూ వేడి పట్టీ లేకపోతే అర్ధరాత్రికే పని ఆగిపోతుంది. వృశ్చికం మే చివర అర్ధరాత్రికి దక్షిణాన అత్యంత ఎత్తుకు వస్తుంది కానీ ఆ నెలలో మబ్బులు, ఉరుములు ఎక్కువ. మార్చి చివరన తెల్లవారుజాము 4 గంటల ప్రాంతంలో అదే ఎత్తు, దిక్చక్రానికి 47 డిగ్రీలు, నిర్మలమైన ఆకాశంలో దొరుకుతుంది.

చంద్రుడున్న రాత్రులను వదిలివేయాలి. వెన్నెల నిండిన ఆకాశం, చంద్రునికి 90 డిగ్రీల దూరంలో, తానే బాగా ధ్రువణం చెంది ఉంటుంది. కార్తిక పున్నమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గరే ఉంటాడు కనుక, నెలకు పేరిచ్చిన ఆ గుచ్ఛాన్ని కొలవడానికి పున్నమిని వదిలి కార్తిక, మార్గశిర మాసాల అమావాస్యల ప్రాంతాన్ని ఎంచుకోవాలి.

ఫొటోలు తీసే క్రమం

మొదటి రాత్రి గుచ్ఛం జోలికి పోకూడదు. ధ్రువణం లేదని తెలిసిన నక్షత్రాన్నీ, ఎంతో తెలిసిన నక్షత్రాన్నీ కొలవాలి. మొదటి రకానికి సప్తర్షులలోని పులహ సరిపోతుంది; 80 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్న ఈ నక్షత్రాన్ని వృత్తి పరిశీలకులు కూడా ధ్రువణం లేని ప్రామాణికంగా వాడుతారు. దానిలో మీకు ఏదైనా ధ్రువణం కనిపిస్తే అది మీ పరికరానిది. రెండవ రకానికి ఒమిక్రాన్ స్కార్పియై ఉంది: 4 శాతానికి కొద్దిగా పైన, కోణం సుమారు 32 డిగ్రీలు. హెచ్‌డీ (హెన్రీ డ్రేపర్ నక్షత్ర పట్టిక) 154445కు 3.8 శాతం, 89 డిగ్రీలు. హెచ్‌డీ 161056కు 4.0 శాతం, 67 డిగ్రీలు. కోణాలన్నీ ఆకాశంలో ఉత్తరం నుండి తూర్పు వైపుగా కొలిచినవి. ఈ మూడింటిలో మీ వలయం మీద వచ్చిన కోణానికీ, అసలు కోణానికీ తేడా ఒకటే అయితే, ఆ తేడాయే మీ పరికరపు సున్నా సవరణ.

ఫిల్టరును 0, 45, 90, 135 డిగ్రీలలో ఉంచి, ఒక్కో స్థానంలో ఐదు ఫొటోలు తీయాలి. 180 నుండి 315 వరకు మరో నాలుగు స్థానాలతో చుట్టు పూర్తి చేయాలి. ఇలాంటి చుట్లు కనీసం నాలుగు తిరగాలి. ఒకే స్థానంలో నలభై ఫొటోలు తీసి తరువాతి స్థానానికి వెళ్లడం సులభమే కానీ, ఆ లోపు నక్షత్రం కిందికి దిగుతుంది, తీరపు గాలిలో తేమ మారుతుంది, ఆ మార్పు ధ్రువణంలా కనిపిస్తుంది. 0, 180 డిగ్రీలలో లెక్కలు, అంటే కెమెరా నమోదు చేసే కాంతి మొత్తాలు, సమానంగా రావాలి. రాకపోతే ఫిల్టరు మీద మరక ఉందనో, అది వాలుగా కూర్చుందనో అర్థం.

తళుకు, అంటే గాలి కదలికల వల్ల నక్షత్రం మినుకుమనడం, అనే శత్రువును తక్కువగా అంచనా వేయకూడదు. 80 మిల్లీమీటర్ల దుర్భిణిలో 10 సెకన్ల ఎక్స్‌పోజర్‌కు, నడినెత్తిన ఉన్న నక్షత్రానికి కూడా తళుకు వల్ల ప్రకాశం సుమారు అర శాతం అటూ ఇటూ అవుతుంది. 47 డిగ్రీల ఎత్తులో అది దాదాపు రెట్టింపు. నలభై ఫొటోల సగటు తీస్తే ఆరో వంతుకు తగ్గుతుంది. ఫోకస్ కొంచెం చెదరగొట్టి, ఏ పిక్సెలూ నిండిపోకుండా చూసుకోవాలి. ఫ్లాట్ ఫొటోలను (కెమెరా, కటకాల అసమానతలను సరిచేయడానికి సమంగా వెలిగే తలాన్ని తీసే ఫొటోలను) కూడా ప్రతి ఫిల్టరు స్థానానికీ వేరుగా తీసి, ఒక్కోదానిని దాని సగటుతోనే భాగించాలి. సంధ్యాకాశం గట్టిగా ధ్రువణం చెంది ఉంటుంది కనుక, అలా సగటుతో భాగించని ఫ్లాట్‌లు వాడిన వారికి సంధ్యాకాశపు ధ్రువణం నక్షత్రానికి అంటుకుంటుంది. కటకం మీద రెండు మూడు పొరల ట్రేసింగ్ కాగితం కప్పి తీస్తే ఈ బెడద తగ్గుతుంది.

లెక్క

ఒక్కో ఫొటోలో నక్షత్రం చుట్టూ వృత్తం గీసి, అందులోని లెక్కల నుండి చుట్టుపక్కల ఆకాశపు లెక్కను తీసివేయాలి. ఆస్ట్రోఇమేజ్‌జే వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. తరువాత రెండు సంఖ్యలు కట్టాలి:

క్యూ = (0 డిగ్రీల లెక్క − 90 డిగ్రీల లెక్క) ÷ ఆ రెండింటి మొత్తం
యూ = (45 డిగ్రీల లెక్క − 135 డిగ్రీల లెక్క) ÷ ఆ రెండింటి మొత్తం

ధ్రువణం అంటే క్యూ వర్గం, యూ వర్గాల మొత్తానికి వర్గమూలం. ధ్రువణ కోణం యూ, క్యూల నిష్పత్తికి విలోమ టాంజెంట్‌లో సగం. క్యూ, యూల గుర్తులను బట్టి పాదాన్ని సరిచూసుకోవాలి. ఉదాహరణకు నాలుగు స్థానాలలో ఫోటాన్ల లెక్కలు వరుసగా 1,01,840, 1,03,770, 98,160, 96,230 అనుకుందాం. క్యూ 0.0184, యూ 0.0377 అవుతాయి. ధ్రువణం 4.2 శాతం, కోణం 32 డిగ్రీలు. ఒక్కో జతలో రెండు లక్షల ఫోటాన్లు ఉన్నాయి కనుక దోషం రెండు లక్షల వర్గమూలానికి విలోమం, అంటే 0.22 శాతం. కోణంలోని దోషం 28.65ను దోష, ధ్రువణాల నిష్పత్తితో గుణించగా వచ్చేది, ఇక్కడ ఒకటిన్నర డిగ్రీ. ఇది ఫోటాన్ల వల్ల వచ్చే కనీస దోషం మాత్రమే. తళుకు దీనికి అదనం.

క్యూ, యూలు రుణాత్మకం కాగలవు, ధ్రువణ శాతం కాలేదు. అందుచేత ధ్రువణమే లేని నక్షత్రానికి కూడా దోషం వల్ల కొంత ధ్రువణం కనిపిస్తుంది. కొలిచిన ధ్రువణ వర్గం నుండి దోష వర్గాన్ని తీసివేసి వర్గమూలం కడితే ఈ అతిశయం చాలావరకు పోతుంది. ధ్రువణం దోషానికి మూడు రెట్లు కూడా లేని కొలతల నుండి ఏ నిర్ణయానికీ రాకూడదు. మరొక జాగ్రత్త: 179 డిగ్రీలు, 1 డిగ్రీ అనే రెండు ధ్రువణ కోణాల మధ్య తేడా 2 డిగ్రీలే. కోణాలను నేరుగా సగటు తీస్తే 90 వస్తుంది, అది పూర్తిగా తప్పు. కూడిక, తీసివేత, సగటు ఏది చేసినా క్యూ, యూలలోనే చేయాలి.

గుచ్ఛం మీదికి

మొదటి గుచ్ఛంగా పెర్సియస్ జంట గుచ్ఛాన్ని ఎంచుకోమంటాను. సుమారు 7,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ జంట డిసెంబరు మధ్యలో రాత్రి 9 గంటల ప్రాంతంలో ఉత్తరాన 51 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఇందులోని అతి ప్రకాశవంతమైన నక్షత్రాలు ఆరున్నర, ఏడు పరిమాణాలలో ఉన్నాయి. వాటి ధ్రువణం 3, 4 శాతం దాకా ఉంటుంది కనుక చిన్న దుర్భిణికి అందుతుంది.

కెమెరాకు కనిపించే ఒకే దృశ్య క్షేత్రంలో చాలా నక్షత్రాలు ఉండడం వల్ల ఒక పెద్ద సౌకర్యం ఉంది. పలుచని మబ్బు అడ్డొస్తే అన్నీ కలిసి మసకబారుతాయి. ఒకదాని లెక్కను మిగిలిన వాటి మొత్తంతో భాగిస్తే మబ్బు ప్రభావం పోతుంది. అయితే ఆ భాగాహారంతో పాటే అన్నిటికీ సమానంగా ఉన్న ధ్రువణం కూడా పోతుంది. గుచ్ఛంలో మనకు ముందుగా కావలసింది అదే. దీనికి పరిష్కారం ఆ దృశ్య క్షేత్రంలోనే దగ్గరి నక్షత్రాలను వెతకడం. గైయా లంబన కోణం 5 మిల్లీ ఆర్క్‌సెకన్లకు మించినవి 650 కాంతి సంవత్సరాల లోపు ఉంటాయి. వాటిలో నాలుగైదింటిని సున్నా ప్రామాణికంగా తీసుకొని, మిగిలిన నక్షత్రాలను వాటితోనే భాగించాలి. ఒమిక్రాన్ స్కార్పియై దగ్గర ఈ ఉపాయం కష్టం, ఎందుకంటే చుట్టూ ఉన్న సిగ్మా స్కార్పియై, రో ఓఫియుకి వంటి ప్రకాశవంతమైన తారలు అదే ధూళి ప్రాంతానికి చెందినవి.

ఫలితాలను అడ్డంగా క్యూ, నిలువుగా యూ ఉన్న పటం మీద చుక్కలుగా పెట్టాలి. గుచ్ఛ సభ్యులు ఒక చోట గుంపుగా చేరతాయి. ముందున్న నక్షత్రాలు మూలబిందువు దగ్గర మిగిలిపోతాయి. సభ్యత్వాన్ని నిర్ణయించడానికి గైయా గమనవేగాలు మరింత నమ్మదగినవి. 2023లో ప్రచురితమైన ఒక జాబితాలో 7,167 గుచ్ఛాల సభ్యుల వివరాలున్నాయి. ధ్రువణంతో తేలేది వేరొకటి. గుంపు వెడల్పు మీ దోషం కంటే ఎక్కువగా ఉంటే, ఆ అదనపు వెడల్పు గుచ్ఛం లోపలి ధూళిని చూపుతోంది. గుచ్ఛానికి కొంచెం ముందున్న నక్షత్రాల సగటు క్యూ, యూలను సభ్యుల క్యూ, యూల నుండి తీసివేస్తే లోపలి ధూళి వాటా విడిగా వస్తుంది.

ఇలా విడిపోయే ధూళికి మంచి ఉదాహరణ కృత్తికలలో ఉంది. ఆ గుచ్ఛం 440 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉండి, ముందు ధూళి చాలా తక్కువ కావడం చేత సభ్యులలో ఎక్కువ వాటికి ధ్రువణం స్వల్పం. హెచ్‌డీ 23512 అనే ఎనిమిదో పరిమాణపు తారకు మాత్రం 2 శాతానికి మించిన ధ్రువణం ఉంది. కృత్తికలలోని మెరోపీ నక్షత్రం దగ్గరి చిన్న అణు మేఘం దానికి అడ్డుగా ఉండడమే కారణం. ఆ ప్రాంతంలోని నీలి నీహారికను కొలవబోయే వారు మరొక తేడాను గమనించాలి: నీహారిక కాంతి పరిక్షేపణం వల్ల ధ్రువణం చెందినది, దాని దిశ వెలిగించే నక్షత్రాన్ని కలిపే రేఖకు లంబంగా ఉంటుంది, అయస్కాంత క్షేత్రం గురించి అది ఏమీ చెప్పదు. నక్షత్రం చుట్టూ వృత్తం గీసి ఆకాశపు లెక్కను తీసివేసేటప్పుడు ఈ నీహారిక కాంతి మిగిలిపోతే ఫలితం తారుమారవుతుంది.

ధూళి గుణం గురించి రెండు పరీక్షలు ఉన్నాయి. మొదటిది ధ్రువణానికీ, నక్షత్రపు ఎర్రబారుటకూ ఉన్న నిష్పత్తి. నీలం, పసుపు ఫిల్టర్ల మధ్య వర్ణాధిక్యం (ధూళి వల్ల నక్షత్రం తన సహజ రంగు కంటే ఎంత ఎర్రబారిందో ఆ కొలత) ఒక పరిమాణమైతే ధ్రువణం సాధారణంగా 9 శాతానికి మించదు. ఈ మధ్య కాలపు కొలతలు కొన్ని దిశలలో 13 దాకా చూపాయి. ఆ హద్దుకు చాలా కింద ఉంటే, రేణువులు సరిగా బారులు తీరలేదని గానీ, క్షేత్రం మన వైపుకు వాలి ఉందని గానీ, వేరువేరు దిశలున్న రెండు మేఘాలు ఒకదాని ధ్రువణాన్ని మరొకటి చెరిపేస్తున్నాయని గానీ అనుకోవాలి. వీటిలో ఏదో తేల్చడానికి దూరంతో పాటు ధ్రువణ కోణం మారుతున్నదా అని చూడడమే నాకు తెలిసిన సూటి మార్గం.

రెండవది రంగుతో ధ్రువణం మారే తీరు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణ ఫిల్టర్లలో కొలిస్తే ధ్రువణం ఒక తరంగదైర్ఘ్యం దగ్గర శిఖరాన్ని చేరి రెండు వైపులా తగ్గుతుంది. ఈ వక్రాన్ని 1970లలో సెర్కోవ్‌స్కీ సూత్రీకరించాడు. శిఖరం సగటున 0.55 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఆ సంఖ్యను 5.6తో గుణిస్తే మొత్తం ఆపుదలకూ, ఎర్రబారుటకూ ఉన్న నిష్పత్తి సుమారుగా వస్తుంది, 0.55కు అది 3.1. శిఖరం ఎరుపు వైపు జరిగిందంటే ఆ దారిలోని రేణువులు పెద్దవి. ఏదైనా నక్షత్రంలో శిఖరం 0.45 మైక్రాన్ల కంటే నీలం వైపు ఉన్నా, రంగుతో పాటు కోణం తిరుగుతున్నా, ఆ నక్షత్రానికి సొంత ధ్రువణం ఉందని అనుమానించి ధూళి లెక్క నుండి తీసివేయాలి. చుట్టూ వాయు చక్రం ఉన్న బీఈ తరహా నక్షత్రాలు ఇలా మోసగిస్తాయి; జంట గుచ్ఛంలో అవి తక్కువేమీ కాదు. డీఎస్ఎల్ఆర్ రంగు పిక్సెళ్లతో ఈ పరీక్షను పైపైన మాత్రమే చేయగలము.

క్షేత్ర దిశలు ఎంత చెదిరి ఉన్నాయో చూసి క్షేత్ర బలాన్ని అంచనా వేసే పద్ధతి చంద్రశేఖర్, ఫెర్మి 1953లో ఇచ్చినదే. క్షేత్రం బలంగా ఉంటే వాయు సంక్షోభం దాని గీతలను వంచలేదు, కోణాల చెదురు తక్కువగా ఉంటుంది. నేడు వాడే రూపంలో, క్షేత్రం మైక్రోగాస్‌లలో 9.3ను హైడ్రోజన్ అణు సాంద్రత వర్గమూలంతోనూ, వాయువు వర్ణపట రేఖ వెడల్పుతోనూ గుణించి, కోణాల చెదురుతో భాగించగా వస్తుంది. ఇక్కడ సాంద్రత ఘన సెంటీమీటరుకు, వెడల్పు సెకనుకు కిలోమీటర్లలో, చెదురు డిగ్రీలలో ఉండాలి. మొదటి రెండు సంఖ్యలు రేడియో పరిశీలనల నుండి తెచ్చుకోవాలి. కోణాల చెదురులో నుండి కొలత దోషాన్ని ముందుగా వర్గాల తేడాగా తీసివేయాలి. చెదురు 25 డిగ్రీలకు మించితే సూత్రాన్ని వాడకూడదు.

పదో పరిమాణం దాటిన సభ్యుల కోసం పెద్ద దుర్భిణి కావాలి. నైనిటాల్‌లోని ఆర్యభట్ట పరిశీలనా శాస్త్రాల పరిశోధన సంస్థ వద్ద 104 సెంటీమీటర్ల సంపూర్ణానంద్ దుర్భిణికి ఎయిమ్‌పోల్ అనే ధ్రువణమాపకం ఉంది. అందులో అర్ధ తరంగ ఫలకాన్ని 0, 22.5, 45, 67.5 డిగ్రీలకు తిప్పుతారు, వెనుక వొల్లాస్టన్ పట్టకం ఉంటుంది. దృశ్య క్షేత్ర వ్యాసం 8 ఆర్క్‌నిమిషాలు, అంటే పెర్సియస్ జంటలో ఒక గుచ్ఛపు నడిమి భాగం మాత్రమే ఒక్కసారికి పడుతుంది. దానితో ఇప్పటికే అనేక యువ గుచ్ఛాల కొలతలు ప్రచురితమై ఉన్నాయి. పరిశీలన సమయం కోరుతూ దరఖాస్తు రాసేవారు ఆ పట్టికలలో లేని గుచ్ఛాన్ని ఎంచుకొని, సభ్యుల జాబితా, ఒక్కో తారకు కావలసిన ఎక్స్‌పోజర్, ముందు ధూళిని తీసివేయడానికి వాడబోయే దగ్గరి నక్షత్రాల పేర్లు జతపరచాలి. ఇక్కడి తీరం నుండి ప్రామాణిక నక్షత్రాలపై మీరు తీసిన కొలతలను, దోషాలతో సహా, అదే దరఖాస్తులో చూపవచ్చు.